యూకేలో బోటుకి రెడ్ డీజిల్: 60/40 డిక్లరేషన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి, మేము బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాం, మావారు కొలీగ్ దగ్గర పాత నారోబోట్ (కెనాల్స్ కోసం చేసే సన్నటి, పొడవాటి బోటు) కొన్నారు, వీకెండ్స్ కెనాల్ మీద తిరగడానికే, అద్దెకి ఇవ్వం. ఇంజన్‌కీ లోపల హీటర్‌కీ ఒకటే ట్యాంక్. రెడ్ డీజిల్ (ఎర్ర రంగు కలిపిన, పన్ను తక్కువుండే డీజిల్) పోయించుకోడానికి వెళ్తే అక్కడతను ఫారం ఇచ్చి ఇంజన్‌కి ఎంత, హీటింగ్‌కి ఎంత రాయమన్నాడు, "అందరూ 60/40 (ఇంజన్‌కి 60%, హీటింగ్‌కి 40%) రాస్తారు, మీరూ రాసెయ్యండి" అన్నాడు. నాకు తెలిసి ఇంజన్ వాటాకి ఫుల్ డ్యూటీ (పన్ను), 2022 మార్చి రేట్ల ప్రకారం లీటర్‌కి 52.95 పెన్స్, మిగతాదానికి 10.18, అంటే తేడా బాగానే ఉంది కదా. మరి చలికాలంలో బోటు కట్టేసే ఉంటుంది, హీటరే గుర్రుమంటూ తాగేస్తుంది, అప్పుడు 20/80 రాయొచ్చా? సంతకం మనదే కాబట్టి రేపు హెచ్ఎంఆర్‌సీ (యూకే పన్నుల శాఖ) వాళ్ళు అడిగితే ఏం చూపించాలి, ఇంజన్ అవర్స్ మీటర్ ఫొటోలు చాలా, లాగ్ బుక్ కూడా రాయాలా? ఇంకోటి, నార్తర్న్ ఐర్లండ్‌లో 2021 అక్టోబర్ నుంచి ఇలాంటి సొంత బోట్ల ఇంజన్‌కి రెడ్ పొయ్యకూడదంట, రంగు కలపని, ఫుల్ డ్యూటీ కట్టే వైట్ డీజిలే అంట. ఎర్న్ సరస్సులో బోటున్న ఫ్రెండ్ హీటర్‌కి వేరే ట్యాంక్ పెట్టించాలా అంటున్నాడు, అక్కడివాళ్ళు ఎలా చేస్తున్నారో కాస్త చెప్పండి.