ప్లేఆఫ్స్‌లో ఎవరిని నమ్మాలో సగటు చెబుతుందా?

లెక్కలపిచ్చి:

ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) స్టార్ జేమ్స్ హార్డెన్ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల్లో, నమ్మదగ్గవాడేనా అన్న మాట ఎత్తితే చాలు, ఇక్కడ రెండు గుంపులు తయారవుతాయి. ఒకళ్లు కెరీర్ సగటులు తెచ్చి, రెగ్యులర్ సీజన్‌కీ ప్లేఆఫ్స్‌కీ ఒకటి రెండు పాయింట్లే కదా తేడా అంటారు. ఇంకొకళ్లు "మేం కళ్లతో చూశాం, మాకు లెక్కలు చెప్పకండి" అంటారు. నా గొడవ ఇద్దరితోనూ.

2023లో ఫిలడెల్ఫియా తరఫున బోస్టన్‌తో ఆడిన సిరీస్ తీసుకోండి (ఏడింట్లో ముందు నాలుగు గెలిచిన టీమ్ ముందుకెళ్తుంది). మొదటి మ్యాచ్‌లో టీమ్ పెద్ద స్టార్ ఎంబీడ్ లేకపోయినా హార్డెన్ 45 కొట్టాడు. నాలుగో మ్యాచ్‌లో 42. ఏడో మ్యాచ్‌లో, అంటే ఓడితే ఇంటికే అన్న రోజున, 11 షాట్లు వేస్తే 3 పడ్డాయి, మొత్తం 9 పాయింట్లు (అదే రోజు అవతల టేటమ్ 51 కొట్టాడు, అది వేరే ఏడుపు). ఈ మూడింటికీ సగటు తీస్తే 32 వస్తుంది, చూడ్డానికి భేషుగ్గా ఉంటుంది. ఆ 32 కొట్టినవాడు మాత్రం ఆ మూడు రోజుల్లో ఒక్కసారీ కోర్టు మీదకి రాలేదు.

నమ్మకం సంగతికొస్తే నాకు కావాల్సింది అతని చెత్త రోజు ఎంత చెత్తగా ఉంటుందనేది. అందుకే నేను ట్రూ షూటింగ్ చూస్తాను, అంటే రెండు పాయింట్ల షాట్లు, త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చేవి) అన్నీ కలిపి ఒక్కో ప్రయత్నానికి ఎంత రాబట్టాడన్న లెక్క. అది తన రెగ్యులర్ సీజన్ స్థాయి కంటే బాగా కిందికి పడిపోయిన ప్లేఆఫ్స్ మ్యాచ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతాను. సగటు పక్కన పడేసి ఇది చూడండి, ఎవరు ఏమిటో తెలిసిపోతుంది.

బెంచ్‌లో పన్నెండోవాడు:

బ్రో, వినడానికి బాగుంది గానీ ఒక్క మ్యాచ్ ట్రూ షూటింగ్ అంటే పాచికలు వేసినట్టే. రే ఆలెన్ 2010 ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో 11 త్రీలు వేసి 8 కొట్టాడు, అప్పటికి ఫైనల్స్ రికార్డు అది. మూడో మ్యాచ్‌లో 13 షాట్లు వేస్తే ఒక్కటి పడలేదు. అదే మనిషి, ఎదురుగా అదే లేకర్స్, మధ్యలో రెండు రోజులు. ఈ రెండు రోజుల్లో ఆయన గుండెకి ఏమైందంటావ్?

35 శాతం త్రీలు కొట్టేవాడు ఒక సిరీస్‌లో 40 వేశాడనుకో. లెక్క ప్రకారం 14 పడాలి. కానీ టెన్షన్ లేదు, గార్డ్ చేసేవాడూ లేడు అనుకున్నా, ఉత్త అదృష్టం వల్లే మూడింట రెండు సార్లు అది 11 నుంచి 17 దాకా ఊగుతుంది, మిగతా సార్లు అంతకంటే బయటికి పోతుంది. 11 పడితే 27 శాతం, మనం వాడికి గుండె లేదంటాం. 17 పడితే 42 శాతం, సింహం అంటాం. ఆడింది ఒకడే. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటారు, త్రీల విషయంలో గిన్నె ఖాళీ చేసినా సరిగ్గా తెలియదు.

ఫోర్త్ క్వార్టర్:

ఇంత లెక్క ఎందుకు గురూ, రింగులు (టైటిల్ గెలిస్తే ఇచ్చేవి) లెక్కపెట్టండి, అయిపోయింది.

లెక్కలపిచ్చి:

సైడ్ ప్లేయర్ రాబర్ట్ హోరీకి 7, అంతటి మైకేల్ జోర్డాన్‌కి 6. అయిపోయిందా?

స్క్రీన్ సెట్టర్:

రింగుల గొడవ వదిలేయండి. పన్నెండో అన్నా, మీ అదృష్టం లెక్క ఒక సిరీస్‌కి సరే. కెరీర్ మొత్తానికి సరిపోదు. కార్ల్ మలోన్ ప్లేఆఫ్స్‌లో 193 మ్యాచ్‌లు ఆడాడు. మ్యాచ్‌కి సగటు పాయింట్లు చూస్తే రెగ్యులర్ సీజన్‌లో 25, ప్లేఆఫ్స్‌లో 24.7, అసలు తేడాయే లేదు. షాట్లు పడ్డ శాతం చూడండి, 51.6 నుంచి 46.3కి జారిపోయింది. అంటే అవే పాయింట్ల కోసం టీమ్ షాట్లు ఎక్కువ తినేస్తున్నాడు. సగటు ఎక్కడ అబద్ధం చెబుతుందో ఇక్కడ దొరుకుతుంది.

అదే కాలంలో, అదే వెస్ట్‌లో (లీగ్‌లో పడమటి సగం) హకీమ్ ఒలాజువాన్: పాయింట్లు 21.8 నుంచి 25.9కి, శాతం 51.2 నుంచి 52.8కి పెరిగాయి. 145 ప్లేఆఫ్ మ్యాచ్‌ల్లో.

నా ఉద్దేశంలో దీనికీ గుండె ధైర్యానికీ సంబంధం చాలా తక్కువ. రెగ్యులర్ సీజన్‌లో ఇవాళ ఒక టీమ్, ఎల్లుండి ఇంకో టీమ్, ఎవడికీ నీ గురించి చదువుకునే తీరిక ఉండదు. ప్లేఆఫ్స్‌లో రెండు వారాలు ఒకే టీమ్ నీ వీడియోలు ముందేసుకుని కూర్చుంటుంది. మలోన్ బుట్టలు చాలావరకు సహచరుడు స్టాక్టన్‌తో కలిసి ఆడే పిక్ అండ్ రోల్ (డిఫెండర్‌కి అడ్డు నిలబడి, వెంటనే బుట్టవైపు కదిలి పాస్ అందుకోవడం) నుంచి వచ్చేవి, ఆ పాస్ దారి మూసేస్తే తనంతట తాను షాట్ పుట్టించుకోవాలి, అది అతని బలం కాదు. హకీమ్‌కి బంతి పోస్ట్‌లో (బుట్ట దగ్గర) ఇస్తే చాలు, తర్వాత ఎవరి సాయమూ అక్కర్లేదు. కాబట్టి ప్లేఆఫ్స్‌లో నిలబడతాడా అని అడిగితే నేను ముందు చూసేది, తన షాట్లలో ఎన్ని వేరేవాళ్లు చేసిపెట్టినవి, ఎన్ని సొంతంగా పుట్టించినవి అన్నదే.

బెంచ్‌లో పన్నెండోవాడు:

మలోన్ విషయం ఒప్పుకుంటున్నా. 193 మ్యాచ్‌లంటే పాచికలు కావు.

కానీ "గుండెకి సంబంధం తక్కువ" అన్నావు చూడు, అక్కడ ఆగు. ఫ్రీ త్రో దగ్గర డిఫెన్స్ ఉండదు, స్కీమ్ ఉండదు, వీడియోలు చదివి ఎవరూ ఏమీ చేయలేరు. బెన్ సిమన్స్ 2021 రెగ్యులర్ సీజన్‌లో 61 శాతం కొట్టాడు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో 73 వేస్తే 25 పడ్డాయి. 61 శాతం వాడికి 44, 45 పడాలి, అదృష్టం అటూ ఇటూ లాగేది ఓ నాలుగు. ఇక్కడ ఇరవై పోయాయి. నా లెక్కే వాడిని పట్టించింది, ఏం చేయను.

నిక్ ఆండర్సన్ సంగతి ఇంకా బాధ. 1995 ఫైనల్స్ మొదటి మ్యాచ్ చివరి క్షణాల్లో వరసగా నాలుగు ఫ్రీ త్రోలు పోగొట్టాడు. 70 శాతం వాడు నాలుగుకి నాలుగూ పోగొట్టడం నూటికి ఒకసారి కూడా జరగదు, అయినా జరగకూడదని ఏమీ లేదు, దురదృష్టం అనుకోవచ్చు. 1996-97 సీజన్ మొత్తానికి అతని ఫ్రీ త్రో శాతం 40.4. ఇది మాత్రం దురదృష్టం కాదు.

లెక్కలపిచ్చి:

సరే, మీ ఇద్దరి దెబ్బకి నా పద్ధతి మార్చుకుంటున్నా. షాట్ పడిందా లేదా అన్నది అదృష్టం చేతిలో ఉంటే, షాట్ వేశాడా లేదా అన్నది అతని చేతిలోనే ఉంటుంది కదా. ఇప్పుడు మళ్లీ హార్డెన్ చెత్త రోజుల్ని చూడండి.

2018 వెస్ట్ ఫైనల్స్ ఏడో మ్యాచ్, గోల్డెన్ స్టేట్ మీద. హార్డెన్ అప్పటి టీమ్ హ్యూస్టన్ వరసగా 27 త్రీలు పోగొట్టింది, మొత్తం 44కి 7. హార్డెన్‌వి 13కి 2. జనం ఇప్పటికీ దీన్నే ఎత్తి పొడుస్తారు. కానీ ఆ రోజు సహచరుడు క్రిస్ పాల్ గాయంతో బయట కూర్చుంటే ఈయన 29 షాట్లు వేశాడు, 32 పాయింట్లు చేశాడు. పారిపోయినవాడు 29 షాట్లు వేయడు. అది పన్నెండోవాడి పాచికల ఖాతా, నేను మాఫీ చేసేస్తున్నా.

2017లో సాన్ ఆంటోనియోతో ఆరో మ్యాచ్, ఓడితే ఇంటికే, పైగా అవతలి స్టార్ కవై లెనార్డ్ లేడు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి 19 దాకా షాట్లు వేసే హార్డెన్ ఆ రోజు వేసింది 11, పడింది 2. టీమ్ 39 పాయింట్ల తేడాతో ఓడింది. 2023 ఏడో మ్యాచ్‌లోనూ 11 షాట్లే, అయితే అప్పటికి అతని సగటే పద్నాలుగు పదిహేనుకి దిగింది కాబట్టి అది కొంచెం చిన్న నేరం. 2011 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో లెబ్రాన్ 8 పాయింట్లు చేసిన రోజు ఎన్ని షాట్లు? అవీ 11. ఆ మరుసటి ఏడాదే బోస్టన్‌లో ఆరో మ్యాచ్‌లో 45 కొట్టి లెబ్రాన్ ఆ మచ్చ కడుక్కున్నాడు, హార్డెన్‌ది అలాగే ఉండిపోయింది.

ఫోర్త్ క్వార్టర్:

అయితే హాలిబర్టన్ కూడా పిరికివాడేనా? 2025 ఫైనల్స్ అయిదో మ్యాచ్‌లో 6 షాట్లు వేశాడు, ఒక్కటీ పడలేదు, 4 పాయింట్లు. అదే సిరీస్ మొదటి మ్యాచ్‌లో 0.3 సెకన్లు ఉండగా గెలిపించిన షాట్ కూడా ఇతనిదే. ఆ అయిదో మ్యాచ్‌ని పిక్క నొప్పితో లాగించాడు పాపం, ఏడో మ్యాచ్‌లో అదే కాలికి అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగింది. నీ షాట్ల లెక్కకి కాలి నొప్పి కనపడుతుందా?

లెక్కలపిచ్చి:

కనపడదు. గాయాలున్న మ్యాచ్‌లు తీసేయాలి, కానీ ఏవి తీసేయాలో నిర్ణయించేది మళ్లీ మనమే, అభిమానం ఉన్నవాడికి ప్రతి చెత్త రోజూ గాయమే అవుతుంది.

స్క్రీన్ సెట్టర్:

ఇంకో చిక్కు కూడా ఉంది. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ ఆఖర్లో అందరూ జోర్డాన్ మీదకి పడితే ఆయన బంతిని సహచరుడు స్టీవ్ కెర్‌కి ఇచ్చాడు, కెర్ కొట్టాడు. మీ కొత్త పద్ధతిలో జోర్డాన్ ఆ క్షణంలో షాట్ వేయనివాడు. కెర్ పోగొట్టి ఉంటే జోర్డాన్‌కి కనీసం అసిస్ట్ (బుట్ట పడేలా పాస్ ఇచ్చినందుకు వచ్చే లెక్క) కూడా రాదు.

బెంచ్‌లో పన్నెండోవాడు:

దానికి తిరగేసింది నా రే ఆలెనే. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 5.2 సెకన్లుండగా సమం చేసిన ఆ త్రీ అందరికీ గుర్తే. దాని ముందు షాట్ లెబ్రాన్ వేశాడు, పడలేదు, సహచరుడు బాష్ రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతి) పట్టి ఆలెన్‌కి అందించాడు. లెక్కలపిచ్చి బ్రో పద్ధతిలో లెబ్రాన్ ధైర్యంగా షాట్ వేసినవాడు, పరీక్ష పాస్. బాష్ ఆ బంతి పట్టకపోయి ఉంటే ఇవాళ ఈ థ్రెడ్‌లో హార్డెన్ బదులు ఎవరి పేరు ఉండేదో మీరే చెప్పండి.