హైదరాబాద్ సోమాజీగూడ, బేగంపేటల్లో ఆఫీసు స్థలాలకు ఇప్పుడు గిరాకీ ఎలా ఉంది?

రాజ్‌భవన్‌రోడ్డు_వాసి:
సోమాజీగూడలో రాజ్‌భవన్ రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక పాత వాణిజ్య భవనంలో మూడో అంతస్తు మా కుటుంబానిది. పత్రాల ప్రకారం 4,200 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగులు). నాన్నగారి కాలం నుంచి ఒకే సంస్థ అందులో ఉండేది. వారు నిరుడు వేసవిలో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మారిపోయినప్పటి నుంచి టూలెట్ బోర్డు వేలాడుతూనే ఉంది. చూసి వెళ్లేవారికి కొదవ లేదు. అందరూ కిటికీలు తెరిచి చూసి, లిఫ్టు ఎప్పటిదని అడిగి, ఫోను చేస్తామని వెళ్లిపోతున్నారు. ఎస్‌ఎఫ్‌టీకి 60 రూపాయలు అడగడం ఎక్కువవుతుందా? అంతస్తు మొత్తం ఒకరికే ఇవ్వాలా, గదులుగా విడగొట్టి చిన్న ఆఫీసులకు ఇవ్వాలా? ఫాల్స్ సీలింగ్, ఏసీలు మేమే పెట్టిస్తే ఆ ఖర్చు తిరిగి వస్తుందా? ఈ ప్రాంతంలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

లీజింగ్_నిపుణుడు:
నేను ఈ నగరంలో వాణిజ్య స్థలాల లీజింగ్ తప్ప మరో పని చేయలేదు కనుక నా మాటను నమ్మవచ్చు. ముందుగా మీ పోటీదారు ఎవరో తెలుసుకోండి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచిన నాడు బేగంపేట యజమానులెవరూ దాన్ని లెక్కచేయలేదు. 2006లో జీవో 86 వచ్చి, భవనాలకు ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న) పరిమితి తొలగిపోయాక పడమటి వైపు స్థలం ఉన్న ప్రతివారూ ఆకాశంలోకి కట్టుకుంటూ పోయారు. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు తరలిపోవడంతో, విమానం దిగి పది నిమిషాల్లో ఆఫీసుకు చేరవచ్చన్న బేగంపేట ప్రత్యేకత కూడా పోయింది. ఈ రోజు పెద్ద కంపెనీ ఒకే అంతస్తులో 50,000 ఎస్‌ఎఫ్‌టీ కావాలంటుంది. మీ భవనంలో అన్ని అంతస్తులూ కలిపినా అంత రాదు. కాబట్టి వారి కోసం ఎదురుచూడకండి. 60 అడగండి, 52కు ఒప్పుకోండి, మూడేళ్ల లాకిన్ (ఆ లోపు ఖాళీ చేయకూడదన్న షరతు), మూడేళ్లకోసారి 15 శాతం పెంపు రాయించుకోండి.

బేగంపేట_అద్దెదారు:
నిపుణులవారు 60, 52 అంటున్నారు గానీ, ఏ ఎస్‌ఎఫ్‌టీ మీద అన్నది చెప్పడం లేదు. అసలు తంటా అంతా అక్కడే ఉంది. నేను బేగంపేటలో ఒక నియామకాల సంస్థ నడుపుతున్నాను. 2,600 ఎస్‌ఎఫ్‌టీ అని చెప్పి, 50 రూపాయల చొప్పున నెలకు 1,30,000 అద్దెకు ఇచ్చారు. మేము లోపలికి వచ్చాక వడ్రంగి క్యాబిన్ల కోసం లేజర్ మీటరుతో గోడ నుంచి గోడకు కొలిచి, స్తంభాలు తీసివేసి, 1,750 అని చీటీ మీద రాసిచ్చాడు. మిగతా 850 ఎక్కడున్నాయని అడిగితే లిఫ్టు ముందున్న వరండా, మెట్లు, వాచ్‌మన్ గది, జనరేటర్ దిమ్మె చూపించారు. అంటే నేను నిజంగా వాడుకునే చోటుకు కడుతున్నది 50 కాదు, 74 రూపాయలు. ఇంత దండుకుంటూ, పాత ఏరియాకు ఎవరూ రావడం లేదని యజమానులు బాధపడటం నాకు అర్థం కాదు.

లీజింగ్_నిపుణుడు:
అద్దెదారు గారూ, సూపర్ బిల్టప్ (లోపలి చోటుకు వరండా, మెట్ల వంటి ఉమ్మడి చోటులో వాటా కలిపిన విస్తీర్ణం) మీద అద్దె లెక్కకట్టడం దేశమంతటా ఉన్న పద్ధతి. 2,600లో 850 అంటే 33 శాతం లోడింగ్, అంటే ఉమ్మడి చోటు కింద కలిపిన భాగం. హైటెక్ సిటీ కొత్త టవర్లలోనూ దాదాపు అంతే ఉంటుంది. మీకు అన్యాయమేమీ జరగలేదు.

బేగంపేట_అద్దెదారు:
850ని 2,600తో భాగిస్తే 33 వస్తుంది, నేను వాడుకునే 1,750తో భాగిస్తే 48 దాటుతుంది. చిన్న అంకె వచ్చే వైపు నుంచి లెక్కగట్టి చూపడం మధ్యవర్తులకు అలవాటు. పైగా హైటెక్ సిటీ టవరులో ఆ లోడింగ్‌కు బదులుగా ఆరు లిఫ్టులు, పూర్తి పవర్ బ్యాకప్, క్యాంటీన్ ఉంటాయి. నాకు దక్కింది ఒక లిఫ్టు. అది కూడా వర్షం పడితే ఆగుతుంది.

ఎస్‌పీరోడ్డు_యజమాని:
మధ్యలో వస్తున్నందుకు అన్యథా భావించవద్దు. యజమానులను దోపిడీదారులుగా చిత్రించడం చాలా బాధగా ఉంది. వరండా మీరు నడవడం లేదా? మెట్లు మీరు ఎక్కడం లేదా? ఖాళీగా పడి ఉన్నప్పుడు కూడా మేము ఆస్తిపన్ను కట్టాలి, వాణిజ్య కనెక్షన్ కనుక ఒక్క యూనిట్ కాల్చకపోయినా కరెంటు ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాలి, వాచ్‌మన్‌కు జీతం ఇవ్వాలి. చీటీ మీద సంతకం పెట్టేటప్పుడు కొలవడం మీ బాధ్యత.

బేగంపేట_అద్దెదారు:
చీటీ కాదు, రిజిస్టరు చేసిన లీజు డీడు. అందులో "సుమారు 2,600" అని ఉంది. స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణకు తెచ్చిన రెరా చట్టం వచ్చిన తర్వాత కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే చోటు) చెప్పకుండా ఇవ్వడమే నేరం.

నాంపల్లి_న్యాయవాది:
ఇక్కడ ఒక అపోహను సరిచేయక తప్పదు. 2016 నాటి రెరా చట్టంలో కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఉంది. బయటి గోడలు, సర్వీస్ షాఫ్టులు, ఆ యూనిట్‌కే చెందిన బాల్కనీ అందులోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. ఆఫీసు, దుకాణం కూడా ఆ చట్టం దృష్టిలో అపార్ట్‌మెంట్ కిందికే వస్తాయన్నది నిజమే. అయితే అది బిల్డరు ప్రాజెక్టులో అమ్మే యూనిట్లకు వర్తించేది. పాత భవనంలో యజమాని ఇచ్చే అద్దెకు వర్తించదు. అద్దెదారు గారికి ఆ చట్టం కింద దారి లేదు. ఎస్‌పీ రోడ్డు యజమాని గారి వాదన కూడా నిలిచేది కాదు. విస్తీర్ణం గురించి తెలిసి తెలిసి తప్పు చెప్పి ఒప్పందం చేయించుకుంటే, సంతకం పెట్టడం నీ బాధ్యత అనడం సమాధానం కాదు. లీజులో సూపర్ బిల్టప్, కార్పెట్ రెండు అంకెలూ రాసి, కొలతల నక్షా జతచేయిస్తే ఈ వివాదమే రాదు. నేను తయారుచేసే ప్రతి డీడులోనూ అది ఉంటుంది.

ఎస్‌పీరోడ్డు_యజమాని:
ప్రతి అద్దెదారూ వకీలుతో, లేజర్ మీటరుతో వస్తే మేము భవనాలు అమ్ముకుని పోవడమే. ఇక ఈ విషయం మీద నేను మాట్లాడను.

హిమాయత్‌నగర్_ఆడిటర్:
కొలతల మీద ఇంత చర్చ జరిగింది గానీ, 18 శాతం గురించి ఎవరూ ఎత్తలేదు. వాసి గారూ, 60 రూపాయల చొప్పున 4,200కు నెలకు 2,52,000, ఏడాదికి 30 లక్షలు దాటుతుంది. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి 20 లక్షలు. కనుక మీరు నమోదు చేసుకుని, అద్దె మీద 18 శాతం వేయాలి. ఆస్తి ఉమ్మడిదై, వాటాలు స్పష్టంగా ఉండి, అద్దె ఎవరిది వారికి విడిగా అందుతుంటే ఒక్కొక్కరి పరిమితిని విడిగా చూడాలని వాదించే అవకాశం ఉంది. అయితే యజమాని నమోదు కాకపోయినా, 2024 అక్టోబరు 10 నుంచి నమోదైన అద్దెదారు రివర్స్ చార్జ్ కింద తానే ఆ పన్ను కట్టాలి. కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారికి మాత్రం తర్వాత మినహాయింపు ఇచ్చారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఐటీ కంపెనీకి ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగి వస్తుంది. మరి సోమాజీగూడకు ఈ రోజు వచ్చేవారెవరు? క్లినిక్కులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, బ్యాంకు శాఖలు, న్యాయవాదులు. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక డాక్టరుకు క్రెడిట్ రాదు. బ్యాంకులు చాలావరకు సగమే తీసుకుంటాయి. న్యాయవాదులు సాధారణంగా నమోదై ఉండరు. బ్యాంకులు కాక మిగతావారికి మీ 60 రూపాయలు దాదాపు 71, సగం క్రెడిట్ తీసుకునే బ్యాంకుకు 65 పైనే. అద్దె చెప్పేటప్పుడు మీ ఎదుట కూర్చున్నది ఎవరో చూసి చెప్పండి. నెల అద్దె 50,000 దాటితే వారు 10 శాతం టీడీఎస్ (మీ ఆదాయపు పన్ను ఖాతాలో జమయ్యే ముందస్తు కోత) పట్టుకుంటారు, దాన్ని తగ్గింపు అనుకుని గొడవపడవద్దు.

నాంపల్లి_న్యాయవాది:
మా వృత్తి విషయంలో ఆడిటర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నమోదు కాని చిన్న యజమాని దగ్గర గది దొరికితే మాకు ఆ 18 శాతం భారం ఉండదు. అందుకే బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్‌లలో 300, 400 ఎస్‌ఎఫ్‌టీ గదులు ఖాళీ అయిన వారంలోనే మళ్లీ నిండుతున్నాయి. హైకోర్టు రాజేంద్రనగర్‌కు తరలిన తర్వాత ఏమవుతుందన్న బెంగ మాత్రం మా అందరిలో ఉంది.

ఉప్పల్_నుంచి_రోజూ:
నేను యజమానిని కాను, ఉద్యోగిని. మా ఆఫీసు అమీర్‌పేట దగ్గర ఉన్నప్పుడు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఒకే రైలులో దిగేదాన్ని. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చే సహోద్యోగులకూ అంతే సౌకర్యం. సంస్థను నానక్‌రామ్‌గూడకు మార్చారు. రాయదుర్గం వరకు మెట్రో ఉంది, అక్కడి నుంచి ఆటో కోసం తోపులాట. మాలో చాలామంది ఆడవాళ్లు మానేశారు. అంతస్తు విస్తీర్ణం చూసి ఆఫీసు ఎంచుకునేవారు, అందులో కూర్చునేవారు ఎక్కడ ఉంటారో కూడా చూడాలని నా మనవి.

లీజింగ్_నిపుణుడు:
అమ్మా, మీ బాధ అర్థమవుతుంది గానీ మార్కెట్ అలా నడవదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ బషీర్‌బాగ్ నుంచి నానక్‌రామ్‌గూడకు వెళ్లింది, అమెరికా కాన్సులేట్ 2023లో బేగంపేటలోని ‘పైగా ప్యాలెస్’ ఖాళీ చేసి అక్కడికే వెళ్లింది. పెద్దవారు ఎటు వెళ్తే వారి వెనుక చిన్నవారు వెళ్తారు.

ఎస్‌డీరోడ్డు_ఉద్యోగి:
అద్దెలు, పన్నుల మధ్య ఒక్క మాట చెప్పనివ్వండి. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు చెలరేగి ఆరుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసువారు, పొగలో ఊపిరాడక పోయారు. అలాంటి పాత కాంప్లెక్సు ఒకదానిలో నేను అప్పుడు పనిచేసేవాడిని. మరునాడు మా భవనం మెట్లు దిగుతూ చూశాను. రెండో మలుపులో అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి, టెర్రస్ తలుపుకు తాళం ఉంది, గోడకున్న హోస్ రీల్ పెట్టెలో గొట్టమే లేదు. ఎన్నిసార్లు చెప్పినా యాజమాన్యం కదలలేదు, నేను ఉద్యోగం మారాను. వాసి గారూ, ఫాల్స్ సీలింగ్ గురించి అడిగారు. దానికి ముందు రెండో మెట్లదారి తెరిచి ఉందో లేదో చూడండి. 15 మీటర్ల ఎత్తు దాటిన వాణిజ్య భవనమైతే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) అవసరం. కాస్త పేరున్న అద్దెదారులు ఇప్పుడు మొదట అడుగుతున్నది దాన్నే.

ఎస్‌పీరోడ్డు_యజమాని:
మాట్లాడనన్నాను గానీ ఇది సమంజసమైన మాట కనుక ఒప్పుకుంటున్నాను. మా భవనంలో ఆ ఘటన తర్వాత సెల్లారులోని గోదాము ఖాళీ చేయించి, పార్కింగుకే వదిలాం. గోదాము అద్దె పోయింది, కానీ కార్లు పెట్టుకునే చోటు ఏర్పడేసరికి నెలల తరబడి ఖాళీగా ఉన్న రెండో అంతస్తును ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ తీసుకుంది. ఈ ప్రాంతంలో అద్దె కంటే పార్కింగే బేరాన్ని తేలుస్తుంది.

కోవర్కింగ్_మాజీ:
విడగొట్టడం గురించి ఎవరూ సమాధానం ఇవ్వలేదు. నేను పంజాగుట్టలో కోవర్కింగ్ (వేర్వేరు సంస్థల వారికి సీట్ల లెక్కన ఇచ్చే ఉమ్మడి ఆఫీసు) నడిపాను. సీట్ల చొప్పున ఇస్తే వచ్చే మొత్తం అద్దె కంటే బాగా ఎక్కువే కనిపిస్తుంది, అయితే రిసెప్షన్, ఇంటర్నెట్, హౌస్‌కీపింగ్, టీ, కరెంటు అన్నీ మన నెత్తిన పడతాయి. నెల ముందు నోటీసుతో వెళ్లిపోయే పది మందిని పట్టుకుని ఉండటం పూర్తి సమయపు పని. మీకు వేరే ఉద్యోగం ఉంటే ఆ జోలికి వెళ్లవద్దు. రెండు భాగాలు చేసి, రెండింటికీ విడివిడిగా కరెంటు మీటర్లు, టాయిలెట్లు పెట్టించండి. మీటరు ఒక్కటే ఉంటే ఏసీ బిల్లు పంపకం దగ్గర అద్దెదారులిద్దరూ కొట్టుకుంటారు, మధ్యలో నలిగేది మీరే.

రాజ్‌భవన్‌రోడ్డు_వాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఒక సివిల్ ఇంజినీరును తీసుకువెళ్లి కొలిపించాను. కార్పెట్ 2,900 వచ్చింది. ఇకపై రెండు అంకెలూ చెప్పి అద్దె అడుగుతాను. రెండో మెట్లదారిలో కింది అంతస్తు దుకాణం వారి సామాను ఉంది, తీయమని లిఖితపూర్వకంగా ఇచ్చాను. ఏసీలు ఇప్పుడే పెట్టించను. వచ్చేది క్లినిక్ అయితే వారి గదుల అమరిక వేరు. ఎవరు వచ్చినా ముందు అడుగుతున్నది లిఫ్టు గురించి కాబట్టి మొదటి ఖర్చు దాని మీదే పెట్టాలని ఉంది. కానీ మా భవనంలో యజమానుల సంఘం లేదు. కింది దుకాణాల వారు లిఫ్టు మాకెందుకని డబ్బు ఇవ్వనంటున్నారు.

బేగంపేట_అద్దెదారు:
కార్పెట్ అంకె ముందే చెబుతానన్న యజమానిని ఈ ప్రాంతంలో మొదటిసారి చూస్తున్నాను. సగం అంతస్తు ఇచ్చేటట్లయితే నాకు సందేశం పంపండి, నా లాకిన్ త్వరలో ముగుస్తుంది. నిపుణులవారికి బ్రోకరేజీ మాత్రం ఇవ్వను.

లీజింగ్_నిపుణుడు:
ఇక్కడ ఇచ్చిన సలహాకు నేనెవరినీ రూపాయి అడగలేదని అందరూ గమనించాలి. లిఫ్టు విషయానికి వస్తే, పై అంతస్తుల వారంతా కలిసి ఖర్చు భరించి, వాటాల ప్రకారం ఒప్పందం రాసుకోవడమే అన్నిటికంటే త్వరగా అయ్యే మార్గం.

నాంపల్లి_న్యాయవాది:
అంత తొందరపడవద్దు. మీ అమ్మకపు దస్తావేజులో ఉమ్మడి సౌకర్యాల నిర్వహణ గురించి ఏం రాసి ఉందో ముందు చూడండి. చాలా పాత దస్తావేజుల్లో అన్ని యూనిట్లూ విస్తీర్ణం చొప్పున భరించాలని ఉంటుంది. అలా ఉంటే దుకాణాల వారు తప్పించుకోలేరు. ఆ పేజీలో మీ వివరాలు కనబడకుండా చేసి ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.