రాయలవారి బాతులు తల గ్రుక్కాయా, గ్రుచ్చాయా?

ఇసుకతిన్నె:
మొన్న ఆదివారం తెల్లవారకముందే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దారి పట్టి, అటకానితిప్ప దగ్గర బండి ఆపి పులికాట్ అంచుకు దిగాను. పొగమంచు ఇంకా విడలేదు. నీటికీ బురదకీ నడుమ ఎవరో బట్టలు పిండి వరసగా పెట్టి మరిచిపోయినట్టు బూడిదరంగు ముద్దలు కనిపించాయి. బైనాక్యులర్ సర్దుకుంటూ ఉండగా ఒక ముద్దలోంచి మెడ లేచింది. గోధుమరంగు తల, మెడ పక్కన తెల్లటి చార. సూదితోక బాతు! లెక్కపెడితే నలభైకి పైగా ఉన్నాయి, ఆ ఒక్కటి తప్ప అన్నీ నిద్రలోనే.

అప్పటి నుంచి ఒక పద్యపాదం వదలడం లేదు. "తలఁ బక్షచ్ఛట గ్రుచ్చి బాతువులు..." తరువాత "నిద్రింపఁగఁ జూచి", ఇంకా దిగువన "పిండీకృతశాటు". నడుమ ఖాళీలు. మిగతాది ఎవరైనా పూరించండి. నా అసలు సందేహం వేరు: రాయలవారు చూసినవి పెంపుడు బాతులా, చలికాలంలో వచ్చే వలస బాతులా?

గసడదవ:
ఆముక్తమాల్యద, ప్రథమాశ్వాసం, విల్లిపుత్తూరు వర్ణన. మత్తేభం.

తలఁ బక్షచ్ఛటఁ గ్రుక్కి బాతువులు కేదారంపుఁ గుల్యాంతర
స్థలి నిద్రింపఁగఁ జూచి యారెకు లుషస్స్నాతప్రయాతద్విజా
వలి పిండీకృతశాటు లన్సవిఁ దదావాసంబుఁ జేర్పంగ రే
వులకున్ డిగ్గినఁ బాఱు వానిఁ గని నవ్వున్ శాలిగోప్యోఘముల్

భావం ఇది: బాతులు తలలు ఈకల్లోకి దూర్చి పొలం కాలవల్లో నిద్రపోతుంటే, వేకువనే స్నానం చేసి వెళ్లిన ద్విజులు మరిచిన పంచెల ముద్దలనుకుని, వాటిని వారి ఇళ్లకు చేర్చడానికి ఆరెకులు రేవులకు దిగారు. బాతులు పాఱాయి. అది చూసి వరిపొలం కాపలా పిల్లలు నవ్వారు.

మీరు రాసిన "గ్రుచ్చి" సరికాదండి, అది "గ్రుక్కి". ధాతువు క్రుక్కు. "ఛటన్" చివరి ద్రుతం వల్ల క కాస్తా గ అయింది. రేఫ రాలిపోతే నేటి కుక్కు, క్రొత్త కొత్త అయినట్టే. సంచిలో బట్టలు కుక్కుతాం కదా, అదే క్రియ. పద్యంలో వెంటనే బట్టల మూటలు వస్తున్నాయి కనుక రాయలవారు తెలిసే వేశారని నా నమ్మకం.

బండిర:
గసడదవ గారూ, సంధి బాగానే చెప్పారు. కానీ "గ్రుచ్చి"ని అంత తేలిగ్గా తోసెయ్యలేం. రెండూ గురువు, లఘువే. యతి పద్నాలుగో అక్షరం మీద, ప్రాస రెండో అక్షరం మీద. ఈ మాట ఉన్నది ఏడూ ఎనిమిదీ స్థానాల్లో. అంటే ఛందస్సు ఏ పక్షమూ సాక్ష్యం చెప్పదు. "గ్రుచ్చి కౌగిలించు" అనడంలో ఉన్న బిగువు "గ్రుక్కి"లో ఏదీ? చలికి బాతు తలను రెక్కల్లోకి బిగించుకుంటుంది, కుక్కుకోదు. ఇసుకతిన్నె గారు రాసిన పాఠానికే నా ఓటు.

మూడుమునకలు:
మా ఇంట్లో ఈ పద్యాన్ని "గ్రుంకి" అని చదివేవారు. సముద్రస్నానానికి వెళితే మూడు గ్రుంకులు వేస్తాం. తలను ఈకల్లో ముంచిందని అర్థం. స్నానం చేసి వెళ్లిన ద్విజుల ప్రస్తావన పక్కనే ఉంది కనుక ఇదే అందంగా లేదా?

గసడదవ:
అందంగా ఉంది, వ్యాకరణం ఒప్పుకోదు. క్రుంకు అకర్మకం. సూర్యుడు క్రుంకుతాడు, ఎవరినీ క్రుంకడు. "తలన్" అనే కర్మ ఉన్నప్పుడు క్రుంకించి అనాలి, అప్పుడు గణం చెడుతుంది. నా దగ్గరున్న అచ్చుప్రతిలో గ్రుక్కి అనే ఉంది. నేను దాని మీదే నిలబడతాను.

ఉల్లంకి:
నేను కాకినాడ వాణ్ణి. కార్తికం వెళ్లాక మా ఆదివారాలన్నీ కోరింగ మడ అడవుల అంచునా, హోప్ ఐలండ్ ఎదుట తీరంలోనే గడుస్తాయి. వ్యాకరణం మీరు తేల్చండి, పిట్ట ఏం చేస్తుందో నేను చెబుతాను.

బాతు తలను రెక్క కిందకు పెట్టదు. చాలా మంది అలా అనుకుంటారు, బొమ్మలు కూడా అలాగే వేస్తారు. అది మెడను పూర్తిగా వెనక్కి తిప్పి, తలను వీపు మీద ఆనించి, ముక్కును భుజం దగ్గరి ఈకల్లోకి దూరుస్తుంది. బయటికి బుగ్గ, కన్ను మాత్రమే కనిపిస్తాయి. రాయలవారు "పక్షం" అని ఊరుకోకుండా "పక్షచ్ఛట" అన్నారు, ఈకల మొత్తం అన్నమాట. రెక్క కింద అని ఎక్కడా అనలేదు. చూసి రాసినవాడి మాట అది.

ఇక గ్రుక్కా, గ్రుచ్చా? తీరంలో రెండూ కనిపిస్తాయి. కర్లూ అని ఒక పెద్ద ఉల్లంకి, అంటే తీరపు పిట్ట, ఉంది, కొడవలిలా వంగిన పొడుగాటి ముక్కు దానిది. అది ఒంటికాలి మీద నిలబడి ఆ ముక్కును వీపు ఈకల్లోకి దించుతుంటే సూది గుచ్చినట్టే ఉంటుంది. అది గ్రుచ్చడం. బాతు ముక్కు బల్లపరుపు, తల గుండ్రం. అది రెండు మూడు సార్లు తల అటూ ఇటూ కదిపి, ఈకలు పొంగించి, చోటు చేసుకుని లోపలికి నెడుతుంది. నిండిన సంచిలో ఇంకో చీర దూర్చేటప్పుడు మనం చేసే పనే. కాబట్టి బాతుకు గ్రుక్కి, కర్లూకు గ్రుచ్చి. బండిర గారు మన్నించాలి.

బండిర:
మన్నించడం ఎందుకు, ఇలాంటి సాక్ష్యం ఏ నిఘంటువులో దొరుకుతుంది? కానీ రాయలవారి కాలపు చెవికి గ్రుచ్చులో కూడా "దూర్చు" అనే అర్థమే ముందుండేది. నా ఓటు ఇంకా మారలేదు.

ఇసుకతిన్నె:
ఉల్లంకి గారూ, అద్భుతంగా చెప్పారు. మరి పెంపుడువా, వలసవా?

గసడదవ:
పెంపుడువే. మూడు కారణాలు. పొలం కాలవ ఇరుకు, మనుషుల తిరుగుడు ఎక్కువ, అక్కడ అడవి బాతు కునుకు తీయదు. ఆరెకులు, అంటే తలారులు, చూసి తెల్లటి పంచెలని భ్రమపడ్డారంటే అవి తెల్ల బాతులై ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం "పాఱు". పాఱడం అంటే పరుగెత్తడం, ప్రవహించడం. అడవి బాతు అయితే "ఎగసె" అనేవారు. ఇవి బెదిరి కాలవ వెంట పరుగు తీశాయి.

ఉల్లంకి:
మూడింటికీ జవాబుంది మాస్టారూ. చలికాలంలో బాతులు మేసేది ఎక్కువగా రాత్రిపూట, పగలు నిద్ర. రాత్రంతా వరిపొలాల్లో గింజలు ఏరుకుని తెల్లవారేసరికి దగ్గరి నీటిలో కునుకు తీస్తే వింత ఏముంది? రంగు సంగతి ఇసుకతిన్నె గారు ముందే చెప్పారు. తడిసి ముద్దయిన పంచె వేకువలో తెల్లగా కనిపించదు, బూడిదరంగుగా కనిపిస్తుంది. మగ సూదితోక బాతు ఒంటి రంగు సరిగ్గా అదే, రొమ్ము మాత్రం తెలుపు.

ఇక బెదరడం. మల్లార్డు బాతుల మీద 1999లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. గుంపు అంచున పడుకున్న బాతు బయటివైపు కన్ను తెరిచే ఉంచుతుంది, మెదడులో సగమే నిద్రపోతుంది. తలారి రేవులో కాలు పెట్టగానే అంచు బాతు చూసేస్తుంది, ఒకటి లేస్తే అన్నీ లేస్తాయి. మేత వేసే మనిషికి అలవాటుపడ్డ పెంపుడు బాతు అలా పారిపోతుందా? పొలం కాపలా పిల్లలు నవ్వింది ఆ ఒక్క క్షణానికే.

వైగై ఒడ్డు:
మాది మదురై. తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగే మాట్లాడతాం. విల్లిపుత్తూరు మాకు రెండు గంటల ప్రయాణం. ఒక్క మాట చెప్పాలి, ఎవరూ శాలిగోపికల దగ్గర ఆగలేదు. పొలానికి కాపలా ఎప్పుడు ఉంటుంది? వెన్ను గట్టిపడి కోతకు వచ్చేటప్పుడు. మా వైపు సాంబా వరి పొంగల్‌కు కోతకు వస్తుంది. అంటే కాపలా కాసేది మార్గళిలో, మీ ధనుర్మాసంలో. గోదాదేవి కావ్యంలో, గోదాదేవి ఊళ్లో, వేకువ స్నానం అనగానే నాకు మార్గళి స్నానమే గుర్తుకు వస్తుంది. తిరుప్పావై ఏడో పాశురం "కీశు కీశెన్రు" అంటూ తెల్లవారుజామున పిట్టల కూతతోనే మొదలవుతుంది. ఉత్తరం నుంచి బాతులు దిగేదీ అప్పుడే. కనుక పద్యంలో నెల పేరు లేకపోయినా నెల ఉంది.

గసడదవ:
వాదన చక్కగా ఉందమ్మా. కానీ ద్విజులు వేకువనే స్నానం చేసేది ఒక్క మార్గళిలోనేనా? ఏడాది పొడవునా చేస్తారు. పురవర్ణనలో కవి ఒక ఋతువుకు కట్టుబడడు, అన్ని పంటలూ ఒకేసారి పండుతాయి. ఋతువుల కోసం ఆయన వేరే చోట ఎంత విస్తారంగా రాశారో మీకు తెలుసు. ఆ వానాకాలం పద్యాలు చదివినవారికి...

బండిర:
వానాకాలంలోకి వెళ్లకండి, తిరిగి రాలేం. "పాఱు" దగ్గరకు రండి. అది బండి ఱ. పాఱుడు అంటే బ్రాహ్మణుడు. రెండో పాదంలో ద్విజావలి, నాలుగో పాదంలో "పాఱు వానిఁ గని". తలారులు పాఱుల పంచెలని దిగితే అవి పాఱినవి! ద్విజ శబ్దానికి పక్షి అనే అర్థం కూడా ఉందని వేరే చెప్పనక్కర్లేదు. ఇంత దగ్గర దగ్గరగా ఈ మాటలు పడడం యాదృచ్ఛికం అని నేను ఒప్పుకోను.

వైగై ఒడ్డు:
ఎంత బాగా పట్టారు! మరొకటి కలుపుకోండి. తమిళంలో ఎగరడం "పఱ", పక్షి "పఱవై", అదే ఱ. విల్లిపుత్తూరును వర్ణిస్తున్న కవి చెవిలో ఆ మాట మోగకుండా ఉంటుందా? అప్పుడు పాఱడం పరుగు కాదు, ఎగరడమే అవుతుంది.

గసడదవ:
శ్లేష సంగతి ఆలోచిస్తాను, ద్విజ శబ్దం ఉంది కనుక. తమిళ ధాతువును తెలుగు క్రియకు అతికించడం మాత్రం ఒప్పుకోను. అది హ్రస్వం, ఇది దీర్ఘం.

మూడుమునకలు:
అన్నట్టు, పిండీకృతం అంటే "పిండిన" అని చిన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. తెలుగు పిండు కాదా?

గసడదవ:
కాదండి, సంస్కృత పిండం, ముద్దగా చేసిన అని. కానీ తెలుగు పాఠకుడికి నీళ్లు కారుతున్న పంచె కూడా కనిపిస్తుంది. ఆ లాభం తెలుగుదే.

వైగై ఒడ్డు:
"అన్సవి"లో సవి ఏమిటి? కన్నడంలో సవి అంటే రుచి, తీపి. తుళువ వంశపు రాజు కలంలో కన్నడ మాట దొర్లిందా?

గసడదవ:
మన చవి ఉండగా కన్నడం దాకా ఎందుకు? "అనే తలంపుతో" అని సందర్భం చెబుతోంది. రుచి నుంచి తలంపు దాకా అర్థం ఎలా నడిచిందన్నదే చూడాలి.

తరంగిణి:
ఆలస్యంగా వచ్చాను. పులికాట్ అనగానే అందరూ ఫ్లెమింగోలను రాయంచలు అంటారు, అది నాకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. పోతనగారి "నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు రాయంచ" గుర్తు తెచ్చుకోండి. తూగడం అంటే అల మీద తేలుతూ ఊగడం. ఫ్లెమింగో మోకాలి లోతు నీటిలో నిలబడి తల కిందులుగా పెట్టి బురదను వడకట్టుకునే పిట్ట. అలల మీద ఊయలలూగేది హంసజాతి పిట్టే కావాలి. మన చెరువులకు చలికాలంలో వచ్చే పట్టెతల బాతు హిమాలయాలను దాటి వస్తుంది, మందాకిని దాని దారిలోనిది. నా మటుకు అదే పోతన రాయంచ. తరువాత "సనునే తరంగిణులకు" అన్నప్పుడు...

బండిర:
"చనునే" అనడం వినసొంపు కాదా తరంగిణి గారూ?

తరంగిణి:
రాయంచ ప్రథమ, దాని మీద చ వస్తే స. చిన్నయసూరి మనకు నేర్పిందే. పైగా గసడదవ గారు ఈ చర్చలోనే కూర్చుని ఉన్నారు. ఆ సకారంలో రెక్క కదిలిన చప్పుడు ఉంది, చకారంలో అది లేదు.

గసడదవ:
బహుళం అన్నాడు సూరి, నిత్యం అనలేదు. అయినా ఇక్కడ మీ చెవే నిజం. ఆ సీసంలో ఏ అక్షరం కదిలించినా నాకు నిద్ర పట్టదు. "మధుపంబు వోవునే మదనములకు" అన్నచోట మదనం ఉమ్మెత్త అని తెలిసిన రోజు నుంచి ఆ పద్యాన్ని మళ్లీ కొత్తగా చదువుకున్నాను.

ఇసుకతిన్నె:
ఈ ఉదయం మళ్లీ అక్కడికే వెళ్లాను. పద్యం మొత్తం నోటికి వచ్చాక వెళ్లాను. గుంపు కొంచెం దక్షిణానికి జరిగింది, ఈసారి అరవై దాకా ఉన్నాయి. అంచున ఉన్నదాని కన్ను నిజంగానే తెరిచి ఉంది, ఉల్లంకి గారూ. నల్లటి చుక్క, దాని మీద వెలుగు మెరుపు. మిగతా ఒళ్లంతా కదలకుండా నిద్ర. రోడ్డు మీద బస్సు వెళ్లినా చలించలేదు. నేను బురదలో మరో అడుగు వేసేసరికి మెడ లేచింది. పరుగు లేదు, నీటి మీద తొక్కుడూ లేదు, ఉన్నచోటి నుంచి నిట్టనిలువుగా లేచాయి. గసడదవ గారికి ఈ మాట చెప్పాలనే బండి దగ్గరకు కూడా పోకుండా గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

గసడదవ:
సూదితోక బాతు లేచింది, సరే. రాయలవారి బాతు "పాఱింది". రెండూ ఒకటేనని ముందు రుజువు చెయ్యండి.

ఉల్లంకి:
వచ్చే ఆదివారం కాకినాడ రండి మాస్టారూ. ఆటు పోటులు చూసి వేళ చెబుతాను. కర్లూ గ్రుచ్చడం, బాతు గ్రుక్కడం ఒకే గట్టు మీద చూపిస్తాను.

బండిర:
నేనూ వస్తాను. అప్పటిదాకా ఒకటి ఆలోచించండి, దాని మీద ఎవరూ నిలవలేదు. "ఆరెకులు" అంటే తలారులు అని అందరం ఒప్పేసుకున్నాం. ఆరె అన్న మాట మరాఠీవారికి కూడా ఉంది కదా. రాయలవారి సీమలో ఊరి కాపలాకు ఎవరిని పెట్టేవారు?