జబ్బు 'తగ్గడం' అంటే పోవడమా, పలచబడడమా?

నిన్న ఇక్కడ ఒకరు "తగ్గింది, నయమైంది రెండూ ఒకటేనా?" అని అడిగారు. ఈ ఏడాది అమ్మ వైద్యంలో నాకు ఈ ప్రశ్న ఎదురైంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

జ్వరం తగ్గిందంటే ఇక లేదనే అర్థం. ఉల్లిపాయల ధర తగ్గిందంటే మాత్రం మునుపటంత లేదని. జబ్బుకి వాడితే తగ్గడం పోవడమే, అంకెకో పరిమాణానికో వాడితే కొంత మాత్రమే. డాక్టర్లు రెండో అర్థంలో అంటారు, మనం మొదటి అర్థంలో వింటాం.

అమ్మకి డెబ్బై దాటాయి. అండాశయ క్యాన్సర్, మూడో దశ. అండాశయం దాటి పొట్ట లోపలి పొర మీదికి పాకింది. పొట్టలో నీరు చేరి ఉబ్బాకే బయటపడింది. "కీమోకి బాగా తగ్గుతుందమ్మా" అన్నారు డాక్టరమ్మ. ఆవిడ చెప్పింది గడ్డల సైజు గురించి, రక్తపరీక్షలో ఈ జబ్బు ఎంతుందో సూచించే సీఏ-125 అంకె గురించి. అమ్మ గదిలోంచి బయటికి వస్తూనే "తగ్గిపోద్దంటన్నారు కదా, ఇంకేటి బెంగ?" అంది.

రెండో అభిప్రాయానికి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాటనీ మూడు ముక్కలు చేసి అడిగాం. పూర్తిగా పోతుందా? కొన్నాళ్లు అణిగి ఉంటుందా? పోకపోయినా పొట్ట బరువు, ఆయాసం తగ్గి అన్నం తినగలదా? మూడింటికీ మూడు వేరువేరు జవాబులొచ్చాయి. ఈ దశలో పూర్తిగా పోవడం కొందరికే. ఆపరేషన్, కీమో అయ్యాక స్కానులో ఏమీ కనిపించని స్థితి చాలామందికి వస్తుంది, కానీ వాళ్లలో ఎక్కువమందికి తర్వాత తిరగబెడుతుంది. నడుమ ఆ కాలాన్ని రెమిషన్ అంటారు. 'తిరగబెట్టడం' అని ఎంత కచ్చితమైన మాట ఉందో చూడండి. దాని ముందరి స్థితికే మనకి పేరు స్థిరపడలేదు. నయమైందంటే అబద్ధం, తగ్గిందంటే అయోమయం. నేను ఇంట్లో "అణిగి ఉంది" అంటున్నాను. అణిగింది మళ్లీ లేవొచ్చన్న ఎరుక అందులోనే ఉంది.

దారులు కూడా వివరంగా చెప్పారు. ముందే పెద్ద ఆపరేషన్ చేసి తర్వాత కీమో ఇవ్వడం ఒకటి. ఒంట్లో అంత సత్తువ లేకపోతే, జబ్బు బాగా పాకి ఉంటే, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు మూడు వారాలకోసారి మూడు విడతలిచ్చి, ఆపరేషన్ చేసి, మళ్లీ మూడు విడతలు. బీఆర్‌సీఏ జన్యువులో మార్పు ఉన్నట్టు తేలితే ఆ తర్వాత ఒలాపరిబ్ లాంటి మాత్రలతో తిరగబెట్టడాన్ని వెనక్కి నెట్టే వీలుంది. ఆ మార్పు తల్లి నుంచి పిల్లలకి రావొచ్చు కాబట్టి, కూతురిగా ఆ పరీక్ష ఫలితం నాకూ కావాలి. ఇక ఉపశమన చికిత్స. ఆ పేరు వినగానే చుట్టాలందరూ చేతులెత్తేసినట్టే అనుకున్నారు. అది కాదు. నొప్పికి, వాంతులకి, భయానికి చేసే ఆ వైద్యం కీమోతో పాటే మొదలుపెట్టొచ్చు.

ఇదంతా విని అన్నయ్య "అమ్మకి ఆపరేషన్ చేయిద్దాం" అన్నాడు. అమ్మ మాట్లాడలేదు. "నువ్వు చేయించుకుంటావా అమ్మా?" అని నేనడిగాకే నోరు విప్పింది. 'చేయించు'కి 'కొను' చేరి 'చేయించుకుంటావా' అవగానే నిర్ణయం ఆవిడ చేతికొచ్చింది, అందులో నాకు సందేహం లేదు. ముందు మూడు విడతలు చూస్తానంది, ఆపరేషన్ సంగతి అప్పుడు చెప్తానంది. పాక్లిటాక్సెల్‌తో వేళ్లు తిమ్మిరెక్కొచ్చని విని, "పూలు కట్టుకోలేనంతగా వస్తే మందు మార్చమని అడగండి" అంది. ఆ మాట ఆవిడ ఫైలు మీదే రాసి పెట్టాను.

రాయలసీమ, తెలంగాణ ఇళ్లలో రెమిషన్‌కి ఏమంటున్నారో ఎవరైనా చెబుతారా? 'నెమ్మదించింది' అన్న మాట జబ్బుకి వాడగా విన్నవాళ్లుంటే ఏ ఊళ్లో, ఏ జబ్బు గురించో కూడా రాయండి.