అప్‌డేట్: డ్రాగ్ స్ట్రిప్‌లో మొదటి రోజు అయింది, అసలు తేడా టైర్ గాలిలోనే

రోజూ నడిపే కారుని మొదటిసారి డ్రాగ్ స్ట్రిప్‌కి (కార్లు తిన్నగా దూసుకెళ్లే చిన్న రేసు ట్రాక్) తీసుకెళ్తున్నాను, ఏం చూసుకోవాలని అడిగాను కదా. వెళ్లొచ్చాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నా టెన్షన్ అంతా ఇంజన్ గురించే. తీరా తనిఖీ చేసే ఆయన బానెట్ ఎత్తి బ్యాటరీని చేత్తో ఊపితే కదిలింది. దాన్ని కదలకుండా పట్టి ఉంచే క్లాంప్ నట్టు వదులు! బిగించుకొస్తే గానీ లోపలికి వదల్లేదు. వీల్ నట్లు మీరు చెప్పినట్టే టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) ముందే బిగించుకున్నాను, వాటికి పేచీ రాలేదు.

మొదటి రెండు పరుగుల్లో వెనక చక్రాలు గిర్రున తిరిగాయే తప్ప కారు ముందుకు దూకలేదు. వెనక టైర్లలో గాలి 32 నుంచి 26 పీఎస్ఐకి తగ్గించాక పట్టు దొరికింది. మొదటి 60 అడుగుల టైమ్ 2.6 సెకన్ల నుంచి 2.3కి దిగింది. రేసు టైర్లని గిర్రున తిప్పి వేడెక్కించడానికి స్టార్ట్ లైన్ ముందు నీళ్లు పోసిన చోటు తప్పించి పక్కనుంచి వెళ్లమన్న సలహా బంగారం. మామూలు టైర్ల గాడుల్లో నీళ్లు చేరితే స్టార్ట్ లైన్ దాకా మోసుకొస్తాయి. ఏసీ నీళ్లు కారకుండా అదీ ఆపేశాను.

పెట్రోల్‌లో కలిపే ఆక్టేన్ బూస్టర్ మాత్రం శుద్ధ దండగ, నా కారుకి ఏ తేడా లేదు. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపుకోండి, నేను గేటు దాకా వచ్చాక గుర్తొచ్చి వెనక్కి తిప్పాను.