నెలలు నిండని పాప ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంది: రోజూ ఏమి అడగాలి, ఏమి రాసుకోవాలి?

కృష్ణలంక నాన్న:

మా పాప ముప్ఫయ్యో వారంలో, 1,240 గ్రాముల బరువుతో, విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టింది. నా భార్యకు బీపీ అదుపు తప్పడంతో ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అంతకుముందే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పుట్టాక పాపకు ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండేందుకు సర్ఫ్యాక్టెంట్ అనే మందు ఇచ్చి, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీపాప్ మీద ఉంచారు. ఇప్పుడు రెండో వారం నడుస్తోంది. బరువు 1,130 గ్రాములకు తగ్గి, మళ్లీ 1,150కి చేరింది. మొన్న సీపాప్ తీసి ముక్కు దగ్గర సన్నని గొట్టంతో ఆక్సిజన్ ఇచ్చారు, నిన్న రాత్రి తిరిగి సీపాప్ పెట్టారు.

డాక్టరు గారు మధ్యాహ్నం ఒక్కసారి మాట్లాడతారు. "స్టేబుల్‌గా ఉంది" అన్న తరువాత ఇంకేమి అడగాలో నాకు తోచడం లేదు. లోపల నిలబడ్డంతసేపూ నా కళ్లు మానిటర్ మీదే ఉంటాయి. 94 ఉన్న ఆక్సిజన్ శాతం అంకె 86కు పడిందంటే ప్రాణం పోయినట్టు అవుతోంది. నా భార్య గుంటూరులో పుట్టింట్లో ఉంది. పచ్చి బాలింత ప్రయాణం చేయకూడదని, నీళ్లు ఎక్కువ తాగకూడదని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు. పాలు సీసా అడుగు తడిసేటన్నే వస్తున్నాయి. పైగా ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ నిలవదన్న మాట ఎవరో ఆమె చెవిన వేశారు. ఈ దారిలో నడిచినవారు ఎవరైనా ఉంటే, రోజూ ఏ సంగతులు గమనించాలో దయచేసి చెప్పండి.

బ్రాడీపేట అమ్మ:

మా బాబు 29 వారాలకు పుట్టాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. మీరు ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి పేజీ పైన పాప పుట్టి ఎన్నాళ్లయిందో కాక, గర్భం లెక్కన ఎన్నో వారమో రాయండి. రెండో వారం పూర్తయ్యేసరికి ఆమె 32 వారాల బిడ్డ అవుతుంది, అంటే ఇంకా కడుపులోనే ఉండవలసిన బిడ్డ. ఆ లెక్క కళ్లెదుట ఉంటే సీపాప్ మళ్లీ పెట్టారన్న మాట ఓటమిలా అనిపించదు. తీసి చూడటం, అలసిపోతే కొన్నాళ్లు మళ్లీ పెట్టడం, ఈ వయసు బిడ్డల్లో మామూలే. అయితే అలసట వల్ల పెట్టారా, ఇన్‌ఫెక్షన్ ఏమైనా అనుమానించి రక్తపరీక్ష పంపారా అన్నది మాత్రం తప్పక అడగండి, ఎందుకంటే ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

బరువు విషయంలో ఒక్క రోజు అంకెను నమ్మకండి. నెలలు నిండని బిడ్డలు మొదటి వారంలో పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే కొంచెం ఎక్కువగా తగ్గి, రెండు మూడు వారాల్లో పుట్టినప్పటి బరువుకు చేరుకుంటారు. ఆ తరువాత కిలో బరువుకు రోజుకు 15 నుంచి 20 గ్రాముల చొప్పున పెరగాలని చూస్తారు. మా బాబుకు చేతి కింద అట్టముక్క పెట్టి, సెలైన్ ఎక్కించే ఐవీ సూది కదలకుండా టేపు చుట్టేవారు. దానితో తూచిన రోజు ఒక బరువు, అది తీసేసిన రోజు ఇంకో బరువు వచ్చేది. అందుకని ఇవాళ్టిని నిన్నటితో కాక పోయిన వారంతో పోల్చండి.

మానిటర్ చూడటం తగ్గించుకోండి. ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డలకు సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉండేలా చూస్తారు. ఆక్సిజన్ కొలిచేందుకు కాలికి కట్టిన ప్రోబ్ బిడ్డ తన్నినప్పుడల్లా జారి అంకె పడిపోతుంది. అలారం మోగితే నర్సు ముందు బిడ్డ ఒంటి రంగు, ఛాతీ కదలిక చూసి, ఆ తరువాతే తెర వైపు తిరుగుతుంది. మీరూ అలాగే చూడటం అలవాటు చేసుకోండి.

రిటైరైన స్టాఫ్ నర్సు, తెనాలి:

నాయనా, నేను ప్రభుత్వాసుపత్రిలో జబ్బు పడ్డ పసికందులను చూసే ఎస్ఎన్‌సీయూ వార్డులో పనిచేశాను. పై అమ్మాయి చెప్పినది సరైనదే కానీ, అంకె పడిన ప్రతిసారీ ప్రోబ్ జారిందని సరిపెట్టుకోకూడదు. ఈ బిడ్డలు ఊపిరి తీసుకోవడం మధ్యలో ఆపేస్తారు. ఇరవై సెకన్లు దాటితే, లేదా అంతలోపే గుండె వేగం గానీ ఆక్సిజన్ గానీ పడిపోతే, దాన్ని అప్నియా అంటాం. కెఫీన్ మందు ఇచ్చేది అందుకే. "ఇవాళ ఎన్నిసార్లు ఆగింది? తనంతట తాను తేరుకుందా, అరికాలు తట్టాల్సి వచ్చిందా, బ్యాగుతో ఊపిరి ఇవ్వాల్సి వచ్చిందా?" అని అడగండి. తట్టడం నుంచి తానే తేరుకోవడం దాకా వచ్చిందంటే అది మెరుగుదల. ఉన్నట్టుండి ఎక్కువైతే డాక్టరు గారితో ఆ రోజే మాట్లాడాలి.

ఫీడ్ గురించి మూడు సంగతులు అడగండి: ఒక్కోసారి ఎన్ని మిల్లీలీటర్లు ఇస్తున్నారు, పొట్ట ఉబ్బుతోందా, పచ్చటి వాంతి గానీ మలంలో రక్తం గానీ ఉందా. నెలలు నిండని పేగును దెబ్బతీసే నెక్ అనే జబ్బు ఉంది, తల్లిపాలు దాని ముప్పును తగ్గిస్తాయి. అందుకని సీసా అడుగు తడిసిన ఆ కొంచెం పాలు కూడా పారబోయవద్దు. మీ ఆవిడ పగలూ రాత్రీ కలిపి ఎనిమిదిసార్లయినా పిండాలి, రాత్రిది మానకూడదు. దాహానికి సరిపడా నీళ్లు తాగనివ్వమని వాళ్ల అమ్మగారికి నా మాటగా చెప్పండి. సీసా మీద తేదీ, సమయం రాసి, ఐస్ ప్యాకులున్న పెట్టెలో పెట్టి తేవాలి. మన ఎండల్లో మంగళగిరి దాటేలోపే మామూలు సంచిలో పాలు వేడెక్కిపోతాయి.

ఎనిమిదో నెల మాటకు ఆధారం లేదు. కడుపులో గడిపిన ప్రతి వారం బిడ్డకు బలమే, ఏడుకన్నా ఎనిమిది ఎప్పుడూ మేలే.

అన్నిటికంటే ముఖ్యమైనది కంగారూ కేర్, అంటే బిడ్డ ఒళ్లు తల్లి ఒంటికో తండ్రి ఒంటికో నేరుగా తగిలేలా ఛాతీకి హత్తుకుని ఉంచడం. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన పద్ధతి ఇది. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, 1,000 నుంచి 1,799 గ్రాముల బిడ్డలను నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే గుండెకు హత్తుకుంటే, నెలలోపు మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇమ్మంటోంది. సీపాప్ మీద ఉన్న బిడ్డకూ డాక్టరు ఒప్పుకుంటే ఇవ్వవచ్చు. తల్లి వచ్చేదాకా తండ్రి కూర్చోవచ్చు, మా వార్డులో నాన్నల గుండెల మీద హాయిగా నిద్రపోయిన బిడ్డలు చాలామందే ఉన్నారు.

పటమట నుంచి ఒక తండ్రి:

ఒక్క తేదీ మాత్రం నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి. 34 వారాల కంటే ముందు, లేదా 2,000 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు కంటి రెటీనా పరీక్ష, అంటే రెటీనా రక్తనాళాలు సరిగా ఎదగని ఆర్ఓపీ అనే జబ్బు కోసం చేసే పరీక్ష, పుట్టిన ముప్పై రోజుల్లోపు జరగాలి. ఒకసారి చూసి వదిలేసేది కాదు, రెటీనా రక్తనాళాలు పూర్తిగా ఎదిగేదాకా డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్లీ మళ్లీ చూపించాలి. ఈ జబ్బు బయటికి కనిపించదు, సమయానికి పట్టుకుంటే లేజర్‌తోనో ఇంజెక్షన్‌తోనో చూపు నిలుస్తుంది. ఈలోగా డిశ్చార్జి అయితే ఎక్కడ చూపించాలో అడిగి రాయించుకోండి. తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. తల స్కానింగ్, చెవి పరీక్ష ఎప్పుడో కూడా అప్పుడే అడగండి.

కృష్ణలంక నాన్న:

అందరికీ నమస్కారాలు. ఈ మధ్యాహ్నం అప్నియా గురించి అడిగాను. మూడుసార్లు ఆగిందని, రెండుసార్లు తనే తేరుకుందని, ఒకసారి అరికాలు తట్టారని చెప్పారు. రక్తపరీక్షలో ఇన్‌ఫెక్షన్ లేదట. రేపటి నుంచి నన్ను కంగారూ కేర్‌కు కూర్చోనిస్తామన్నారు. కుట్లు చూపించుకోగానే నా భార్య కూడా విజయవాడ వచ్చేస్తానంది. పాప నోటితో పాలు ఎప్పటికి తాగుతుందమ్మా?

రిటైరైన స్టాఫ్ నర్సు, తెనాలి:

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదిరేది 32 నుంచి 34 వారాల మధ్య. ముందు ఉగ్గుగిన్నెతో మొదలుపెడతారు, తరువాత రొమ్ముకు పట్టిస్తారు. రేపు ముందు బొత్తాలున్న వదులు చొక్కా వేసుకుని వెళ్లండి. స్నానం చేసి, గోళ్లు తీసుకుని, ఉంగరం, వాచీ ఇంట్లో వదిలి వెళ్లండి. అత్తరు, పౌడరు వద్దు. పావుగంటకే లేచిపోకుండా గంట పైన కూర్చునేలా ముందే భోజనం చేసి వెళ్లండి.