వేసవి సెలవుల్లో బాబు చేత ఏం రాయించాలి? (డాలస్‌కి కొత్త)

నమస్కారం అండీ. ఏప్రిల్లో విజయవాడ నుంచి వచ్చాం. బాబు అక్కడ మూడో తరగతి పూర్తి చేశాడు, ఆగస్టులో ఇక్కడ ఫోర్త్ గ్రేడ్‌లో చేరాలి. అప్పటిదాకా ఖాళీ. రోజూ రెండు పేజీలు కాపీ రైటింగ్ పెడుతున్నాను, ఏడుస్తూ రాస్తున్నాడు. ఇంకా ఏ పుస్తకాలు కొనమంటారు?

జవాబు:
ఏమీ కొనకండి. ముందు ఆ కాపీ రైటింగ్ ఆపేయండి, పాపం. చేతిరాత గురించి మన దగ్గర నుంచి వచ్చిన పిల్లలకి బెంగ అక్కర్లేదు, టెక్సస్‌లో కర్సివ్ అక్షరాలు నేర్పేదే రెండో గ్రేడ్‌లో, మీవాడు అది ఎప్పుడో దాటేసి ఉంటాడు. తేడా ఎక్కడొస్తుందంటే, మన బడుల్లో చాలావరకు టీచర్ బోర్డు మీద రాసిన జవాబు నోట్సులోకి ఎక్కించుకుని, పరీక్షలో అదే దించేస్తే మార్కులు పడిపోతాయి. ఇక్కడ ఒక కథ చదివించి, ఆ పిల్ల అలా ఎందుకు చేసిందనుకుంటున్నావు, కథలో ఏ మాట వల్ల నీకలా అనిపించింది అని అడుగుతారు. టెక్సస్ రాష్ట్రం బడిపిల్లలకి ఏటా పెట్టే స్టార్ (STAAR) పరీక్షలో 2023 నుంచి మూడో గ్రేడ్ పిల్లలు కూడా చదివినదాని మీద ఇలా పెద్ద జవాబు రాయాలి, అదీ కంప్యూటర్‌లో టైప్ చేసి. అందుకే రోజూ కాసేపు కీబోర్డు మీద కూడా చెయ్యి తిరగనివ్వండి.

మా ఇంట్లో పనిచేసింది మాత్రం ఫిర్యాదుల పద్ధతి. ఇద్దరు మగపిల్లలు, రోజంతా "అమ్మా, వీడు చూడు" అంటూ నా ప్రాణం తీస్తుంటే, నోటితో చెబితే వినను, రాసి ఫ్రిజ్‌కి అంటించండి, సాయంత్రం తీర్పు చెప్తాను అన్నాను. మొదట్లో "అన్న చెడ్డోడు" అని ఒక్క ముక్క. సాక్ష్యం లేదని కేసు కొట్టేశాను. తర్వాత్తర్వాత చిన్నవాడు ఏం రాశాడంటే: "రిమోట్ ఇప్పుడు నాది. ఎందుకంటే పొద్దున అన్న రెండు ఎపిసోడ్లు చూశాడు. అబద్ధమైతే టీవీలో హిస్టరీ చూడు." చూశాను, నిజమే, గెలిచాడు. ఫోర్త్ గ్రేడ్ టీచర్ అడిగేది కూడా ఇంతే కదా, ఒక మాట అను, దానికి ఆధారం చూపించు. పెద్దాడికి మండి, మర్నాడు ఏకంగా పేజీన్నర అప్పీలు పెట్టాడనుకోండి, అది వేరే కథ!

స్పెల్లింగులు దిద్దకండి. దిద్దడం మొదలుపెడితే తప్పు రాని చిన్న చిన్న మాటలతోనే సరిపెట్టేస్తాడు.

మరో జవాబు:
అక్క చెప్పినదంతా ఒప్పుకుంటాను, స్పెల్లింగ్ ఒక్కటి తప్ప. ఒకే తప్పు పదేపదే చేస్తుంటే ఆ ఒక్కటీ చెప్పండి, లేకపోతే అదే అలవాటైపోతుంది.

ఇంకోటి, తెలుగు రాత వదిలేయకండి. ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే మనబడి లాంటి తరగతులు వేసవిలో ఉండవు, మళ్లీ సెప్టెంబరులో మొదలు. ఇప్పుడు చక్కగా రాసే పిల్లాడు కూడా ఈలోపు వాడకపోతే ముందు ఒత్తులు మర్చిపోతాడు. తాతయ్య, అమ్మమ్మ ఊళ్లో ఉన్నారా? వాళ్లకి పోస్టుకార్డులు రాయించండి. గ్లోబల్ ఫరెవర్ స్టాంపు ఒకటి అతికిస్తే ఇండియాకి వెళ్తుంది. విషయం తెలుగులో రాసినా అడ్రసు ఇంగ్లీషులో, ఆరంకెల పిన్ కోడ్ వేసి, ఆఖరి లైన్లో దేశం పేరు పెద్దక్షరాల్లో రాయించండి. "బాగున్నారా, నేను బాగున్నాను" అని ముగించేస్తాడు, చూస్తూ ఉండండి! తాతయ్యనే ఫోన్లో ఏదో ఒకటి అడగమనండి, అక్కడ ఎండలు ఎలా ఉన్నాయి, బస్సు ఏ రంగులో ఉంది, పక్కింట్లో ఎవరున్నారు అని. జవాబు మాత్రం ఫోన్లో చెప్పనివ్వద్దు, కార్డులో రాయాల్సిందే.

లైబ్రరీ కార్డు తీసుకోండి, మీ సిటీలో ఉండేవాళ్లకి డబ్బులేమీ కట్టక్కర్లేదు. అడ్రసు ఉన్న కరెంటు బిల్లో, అపార్ట్‌మెంట్ లీజు కాగితమో పట్టుకెళ్లండి.